పాత మిలిటరీ బండ్లు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి ఉత్తరాలు కోనసీమ నుంచి, నరసాపురం, భీమవరం వైపు నుంచి ఎక్కువగా వచ్చాయి. మలికిపురం పాఠకుడి ప్రశ్న ప్రాణానికి సంబంధించింది కనుక వరస తప్పించి దాన్నే ముందు పెట్టాం.

ప్రశ్న (మలికిపురం): మా పాత మిలిటరీ ట్రక్కు వెనక చక్రం గాలి దిగిపోయింది. రిమ్ము మీద నట్లు రెండు వరసలుగా ఉన్నాయి. పంక్చర్ షాపతను “ముందు అన్నీ లూజు చేద్దాం, తర్వాత జాకీ వేద్దాం” అంటున్నాడు. అలా చేయొచ్చా?

జవాబు: చేయొద్దు. అతన్ని వెంటనే ఆపండి. మిలిటరీ బండ్లలో చాలావాటికి రిమ్ము ఒకటే ముక్కగా ఉండదు, రెండు సగాలుగా ఉంటుంది. లోపలి వరస నట్లు చక్రాన్ని హబ్బుకి పట్టి ఉంచుతాయి. బయటి వరస నట్లు ఆ రెండు సగాల్నీ కలిపి బిగించి ఉంచుతాయి. టైర్లో గాలి ఉండగా బయటి వరస వదులైతే, టైరు ఆ సగాన్ని టన్నుల బలంతో బయటికి తోస్తుంది. మిగిలిన బోల్టులు ఆ బరువుకి తెగి, ఎదురుగా కూర్చున్న మనిషి మీదికి ఇనుము ఎగిరి వస్తుంది. గాలి దిగిపోయిందిగా అనుకోవడానికి లేదు. టైరు నేలకి అణిగినట్టు కనిపించినా లోపల 10, 15 పౌన్ల గాలి మిగిలి ఉండొచ్చు, ప్రమాదానికి అది చాలు.

జాకీ వేయకముందే వాల్వులోంచి పిన్ను పూర్తిగా తీసేయండి. మన డెల్టా బురద వాల్వు గొట్టంలో గట్టిపడి గాలిని ఆపేస్తుంది, కాబట్టి సన్న తీగ ఒకటి లోపలికి పెట్టి ఆడించండి. తీగ ధారాళంగా వెళ్లి, ఇక గాలి రావట్లేదని నిర్ధారణ అయ్యాకే లోపలి వరస నట్లు విప్పి చక్రం కిందికి దించండి. నేల మీద పడుకోబెట్టి, గడపారతో టైరు అంచును కిందికి నొక్కి, అది రిమ్ము వదిలిందని చూశాక బయటి వరసను ఎదురెదురుగా, తలా ఒక చుట్టు చొప్పున వదులు చేసుకుంటూ రండి. తుప్పుతో సన్నబడ్డ బోల్టు ఒక్కటి కనిపించినా మొత్తం సెట్టు మార్చండి. 8.8 గ్రేడుకి తగ్గనివి, అదే మర ఉన్నవి వేయాలి. విరిగిన బోల్టుకి వెల్డింగు పెట్టడం, నట్టు దొరక్క ఒకటి ఖాళీగా వదలడం రెండూ పనికిరావు.

మళ్లీ బిగించాక బయటి వరస నట్లకి ఎర్ర రంగు వేయండి. పాత మిలిటరీ బండ్లు ఉంచుకునేవాళ్లు ఎక్కడైనా పాటించే గుర్తు ఇది. గాలి నింపేటప్పుడు చక్రం చుట్టూ గొలుసు చుట్టి, క్లిప్పుతో పట్టుకునే నాజిల్ తగిలించి, 3 మీటర్ల గొట్టం చివర, టైరు పక్కకి ఎదురుగా కాకుండా దూరంగా నిలబడండి. లాక్ రింగు, అంటే టైరుని పట్టి ఉంచే ఇనుప వలయం, ఉండే లారీ రిమ్ములకీ ఇదే జాగ్రత్త. గాలి లేకుండా కొంత దూరం నడిచిన టైరైతే ఊడదీసి రింగు, గాడి చూడకుండా గాలి కొట్టించొద్దు. గాలి ఉన్న రింగు మీద సుత్తి దెబ్బ అసలు వేయొద్దు.

ప్రశ్న (రావులపాలెం): వేలంలో శక్తిమాన్ లారీ కొనాలని ఉంది. రోడ్డెక్కాలంటే ఏ కాగితాలు కావాలి? పాత ఆకుపచ్చ రంగు అలాగే ఉంచుకోవచ్చా?

జవాబు: రంగు సంగతి ముందు. కేంద్ర మోటారు వాహనాల నియమాలు, 1989లో 121వ నియమం ప్రకారం ఆలివ్ గ్రీన్ రంగు రక్షణ శాఖ బండ్లకే. మీ దొడ్లో ఉన్నంతకాలం ఎవరూ అడగకపోవచ్చు గానీ రిజిస్ట్రేషన్‌కి తీసుకెళ్లేటప్పటికి రంగు మారాలి. ఇసుక రంగో బూడిద రంగో వేస్తే బండి రూపం చెడదు. బాణం గుర్తున్న పాత నంబరు ప్లేటు కూడా తీసేయాలి.

కాగితాల్లో ప్రాణం లాంటిది ఫారం 21, అంటే అమ్మకపు ధ్రువపత్రం. మిలిటరీ నుంచి వచ్చిన బండికి అది సంబంధిత అధికారి ఇచ్చిన అసలు ప్రతే కావాలి, జిరాక్సు చెల్లదు. రక్షణ అవసరాలకు వాడటం ఆగిపోయిన బండికి మోటారు వాహనాల చట్టం 60వ సెక్షన్ ప్రకారం మామూలు రిజిస్ట్రేషన్ నిబంధనలే వర్తిస్తాయి. మీరు నేరుగా వేలంలో కాకుండా చేతులు మారిన బండి కొంటుంటే, మొదటి కొనుగోలుదారు పేరున ఉన్న ఫారం 21 నుంచి మీ దాకా గొలుసు తెగకుండా కాగితాలు ఉన్నాయో లేదో చూడండి. లేకపోతే ఎంత చవకగా ఇచ్చినా వదిలేయండి. అది విడిభాగాలకు తప్ప పనికిరాదు.

డబ్బు కట్టేముందు ఛాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది అచ్చు తీసుకుని, కాగితాల్లోని అంకెలతో ఒక్కొక్కటి పోల్చండి. మన గాలికి నంబరు చెక్కిన చోటే తుప్పు పొరలు లేస్తుంటాయి. అక్కడ గ్రైండరు పెట్టనివ్వొద్దు. కిరోసిన్, వైరు బ్రష్షుతో మెల్లగా రుద్ది, గ్రీజు పూసి ఉంచండి.

చాలామంది అడిగే వింటేజ్ రిజిస్ట్రేషన్ 2021లో వచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజను పెద్దగా మార్చకుండా ఉన్న సొంత వాడకపు రెండు చక్రాల, నాలుగు చక్రాల బండ్లకి అది వర్తిస్తుంది. కొత్తగా చేయించడానికి 20,000 రూపాయలు, పదేళ్ల తర్వాత మళ్లీ చేయించుకోవడానికి 5,000. నంబరులో ‘వీఏ’ అని వస్తుంది. ఆ బండిని ప్రదర్శనకి, ర్యాలీకి, మరమ్మతుకి, ఆయిలు కొట్టించడానికి తీసుకెళ్లొచ్చు, రోజూ తిరగడానికి కుదరదు. జీపుకీ, జోంగా అనే మిలిటరీ జీపు రకం బండికీ ఇది సరిపోతుంది. శక్తిమాన్ సరుకు లారీ కనుక దీని మీద ఆశ పెట్టుకోకండి. జర్మనీ మాన్ కంపెనీ లైసెన్సుతో జబల్‌పూర్‌లో 1959లో మొదలై 1996 దాకా తయారైన బండి కావడంతో విడిభాగాలు ఇంకా తిరుగుతున్నాయి. విజయవాడ ఆటోనగర్‌లో అడిగేటప్పుడు పాత భాగాన్ని చేత్తో పట్టుకెళ్లండి, ఫోటో చాలదు.

ప్రశ్న (పి. గన్నవరం): పొలం పుంతలో మా మిలిటరీ లారీ ఇరుసు దాకా దిగబడింది. ట్రాక్టరుతో కొబ్బరి మోకు కట్టి లాగితే మోకు తెగింది. ఇంకో ట్రాక్టరు కలిపితే వస్తుందా?

జవాబు: తెగింది కొబ్బరి మోకు కాబట్టి సరిపోయింది. అదే నైలాను తాడైతే సాగి, తెగిన చివర కొరడాలా వెనక్కి వచ్చి మనిషిని కొట్టేది. ఇంకో ట్రాక్టరు తేకముందు లెక్క చూసుకోండి.

బురద చక్రం సగం దాకా ఉంటే బండిని కదిలించడానికి బండి బరువంత లాగుడు కావాలి. మడ్‌గార్డు దాకా ఉంటే రెండింతలు. క్యాబిన్ దాకా మునిగితే మూడింతలు. గట్టు ఎక్కించాల్సి వస్తే వాలు ఒక్కో డిగ్రీకి బరువులో అరవయ్యో వంతు కలపండి. మీ లారీ ఖాళీ బరువు ఐదున్నర టన్నులు అనుకుంటే, ఇరుసు దాకా దిగబడ్డప్పుడు లాగాల్సింది కనీసం ఐదున్నర టన్నులు. రెండు టన్నుల ట్రాక్టరు తడి నేల మీద టన్ను లాగితే గొప్ప, ఆ పైన దాని చక్రాలే తిరుగుతాయి. రెండో ట్రాక్టరు వచ్చినా తేడా ఉండదు.

కాబట్టి ముందు బలం తగ్గించే పని చేయాలి. ప్రతి చక్రం ముందూ పారతో ఏటవాలుగా మట్టి తీయండి. ఇరుసు మధ్యనుండే గుండు, అంటే డిఫరెన్షియల్, మట్టిలో కూర్చుని ఉంటుంది. దాని ముందు మట్టి తీయకపోతే అదే నాగలి అవుతుంది. ఆ తర్వాత జాకీ కింద రెండడుగుల దళసరి పలక వేసి ఒక్కో చక్రం లేపండి. ఒండ్రుమట్టి చక్రాన్ని పీల్చి పట్టుకుంటుంది. చక్రం లేచి కిందికి గాలి వెళ్లిందంటే సగం పని అయినట్టే. ఆ సందులో ఇటుకముక్క, కొబ్బరి డొక్కలు కూరి పైన పలక వేయండి. ఒట్టి కొబ్బరి మట్టలు వేస్తే చక్రం వాటిని వెనక్కి నెట్టేస్తుంది.

లాగడానికి 3 టన్నుల చేతి వించి (చేత్తో నడిపి రోపు లాగే యంత్రం), 16 మి.మీ. ఇనుప రోపు, ఒక కప్పీ చాలు. కప్పీని లారీకి తగిలించి, రోపు చివరని వెనక్కి తెచ్చి వించి కట్టిన చోటే కట్టండి. 3 టన్నుల లాగుడు 6 అవుతుంది, కప్పీ ఒరిపిడికి పదో వంతు పోతే 5.4 మిగులుతుంది. మట్టి తీసి, చక్రాలు లేపాక అది బాగా చాలుతుంది. ఇక్కడ అందరూ మరిచేదొకటుంది: లారీ మీద ఎంత బలం పడుతుందో, వించి కట్టిన చోటా అంతే పడుతుంది. కొబ్బరి చెట్టుకి తల్లివేరు లేదు. వానాకాలపు మెత్తటి నేలలో ఒక్క చెట్టుకి 6 టన్నులు వేస్తే చెట్టే వచ్చి మీ మీద పడుతుంది. మూడు గూటాలు, రెండు, ఒకటి చొప్పున వరసగా కొట్టి ఒకదానికొకటి కట్టే పద్ధతి గట్టినేలకి బాగుంటుంది, తడి బంకమట్టిలో దాని పట్టు సగానికి పడిపోతుంది.

డెల్టాలో నమ్మదగింది పాతిపెట్టిన తాటి మొద్దు. లాగే దిక్కుకి అడ్డంగా గొయ్యి తీసి, రెండు మీటర్ల తాటి మొద్దు అడ్డంగా పెట్టండి. లారీ వైపున్న గోడ నిటారుగా, చెక్కినట్టు ఉండాలి, బరువంతా మోసేది ఆ గోడే. రోపు బయటికొచ్చే దారిని సన్న కాలవలా ఏటవాలుగా తీయండి, లేకపోతే రోపు మొద్దును పైకి లేపేస్తుంది. మూడు నాలుగు అడుగుల్లోనే నీరు ఊరితే లోతు కోసం పోరాడకుండా ఇంకో మీటరు పొడవైన మొద్దు పెట్టండి.

రోపు లారీ ఛాసిస్‌కి బిగించిన కొక్కేలకే తగిలించాలి. బంపరుకి గానీ కమాను పట్టీలకి గానీ వద్దు. రోపు కన్నుకి మూడు క్లిప్పులైనా పెట్టి, వాటి అడుగు భాగం బరువు మోసే తాడు మీద, వంపు కడ్డీ తోక మీద ఉండేలా బిగించండి. రోపు మధ్యలో తడిపిన గోనెసంచులు రెండు వేలాడదీయండి. రోపు పొడవుకి ఒకటిన్నర రెట్ల దూరంలో వించి నడిపే మనిషి తప్ప ఇంకెవరూ ఉండకూడదు. పిల్లలు గుమిగూడే పని ఇది, వాళ్లని చూసుకోవడానికే ఒక పెద్దమనిషిని పెట్టండి.

ప్రశ్న (నరసాపురం): నడవని జీపును సఖినేటిపల్లి వైపు నుంచి పంటు మీద దాటించి తాడేపల్లిగూడెం తీసుకెళ్లాలి. తాడు కట్టి లాక్కెళ్లొచ్చా?

జవాబు: బ్రేకులు పనిచేస్తేనే తాడు. పనిచేయకపోతే గట్టి టో బార్ (రెండు బండ్లనీ కలిపే ఇనుప కడ్డీ) కావాలి, అది కూడా లేకపోతే చిన్న లారీ ఎక్కించండి. ఇంత దూరానికి మా ఓటు లారీకే. పంటు మీదికి దిగే రేవు వాలులో తాడు వదులై, వెనక జీపు ముందు బండిని గుద్దడం మామూలే. రేవు దగ్గర తాడు తీసేసి, చక్రాల వెనక చెక్క దిమ్మెలు పెట్టుకుంటూ మనుషులతో దించండి. పంటు మీద గేరులో వదిలి నాలుగు చక్రాలకీ దిమ్మెలు వేయండి.

రోడ్డు మీద లాగాల్సి వస్తే రెండు బండ్ల మధ్య 5 మీటర్లు దాటొద్దు, గంటకి 20 కిలోమీటర్లు మించొద్దు. తాడు మధ్య ఎర్ర గుడ్డ, వెనక స్పష్టంగా రాసిన బోర్డు, స్టీరింగు దగ్గర లైసెన్సు ఉన్న మనిషి ఉండాలి. ఇరుసుల్ని తిప్పే రెండు ప్రొపెల్లర్ షాఫ్టులూ విప్పేయండి. ముందు, వెనక ఇరుసులకి బలం పంచే ట్రాన్స్‌ఫర్ గేరును న్యూట్రల్‌లో పెడితే చాలని కొందరు అంటారు గానీ, ఏళ్ల తరబడి ఆగిన బండిలో ఆ లివరు నిజంగా న్యూట్రల్‌లోకి వచ్చిందో లేదో బయటికి తెలియదు. విప్పేముందు షాఫ్టు మీదా, ఫ్లేంజి మీదా ఒకే గీతగా పెయింటు పెట్టండి, మళ్లీ అలాగే కలపకపోతే బండి వణుకుతుంది. బయల్దేరిన 5 కిలోమీటర్లకి ఆగి హబ్బులు చేత్తో ముట్టి చూడండి. చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉన్న హబ్బుతో ముందుకు వెళ్లొద్దు, బేరింగు ఎండిపోయిందో బ్రేకు పట్టేసిందో చూడాలి.

ప్రశ్న (పాలకొల్లు): పశువుల పాకలో ఏళ్లుగా ఉన్న జోంగా ఇంజను పట్టేసింది. గేరులో వేసి ట్రాక్టరుతో లాగితే వదులుతుందంటున్నారు.

జవాబు: వదలడం కాదు, విరుగుతుంది. తుప్పుకి రింగులు సిలిండరుకి అంటుకుని ఉంటాయి. బలంగా లాగితే రింగు పిస్టన్ గాడిని చీలుస్తుంది, లేదా కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. ఆరు ప్లగ్గులూ తీసి, డీజిలు, పవర్ స్టీరింగ్ ఆయిలు సమానంగా కలిపి ఒక్కో సిలిండర్లో 50 మి.లీ. పోయండి. వారం పదిరోజులు ఆగి, తగ్గిన చోట మళ్లీ పోస్తూ ఉండండి. తర్వాత హ్యాండిలుతో ముందుకీ వెనక్కీ వేలెడు వేలెడు ఆడించండి. ఒక మనిషి బలానికి మించి వాడొద్దు. కదలకపోతే హెడ్డు విప్పడమే.

తిరిగాక కూడా వెంటనే స్టార్టు చేయొద్దు. ఇంజను కింద ఆయిలు ఉండే సంపు దించి అడుగున పేరుకున్న నల్ల మడ్డి, ఆయిలు పంపు జల్లెడ కడగండి. కొత్త ఆయిలు పోసి, ప్లగ్గులు లేకుండా సెల్ఫు కొట్టి, గేజిలో ఒత్తిడి లేచాకే ప్లగ్గులు బిగించాలి. అప్పటికి బ్రేకులు కూడా అయిపోయి ఉండాలి. మా దగ్గరికి వచ్చే ఉత్తరాల్లో ఇంజను మోగిన ఆనందంలో బ్రేకు లేని బండిని వీధిలోకి తీసినవాళ్లవి కనిపిస్తాయి, అందుకే గట్టిగా చెబుతున్నాం. వీల్ సిలిండర్లన్నీ విప్పి, గుంటలు పడ్డవాటికి స్టీలు స్లీవు వేయించి, రబ్బర్లు, ఫ్లూయిడు కొత్తవి వేయండి. బ్రేకు ఫ్లూయిడు గాలిలో తేమ పీల్చుకుంటుంది, మన దగ్గర ఏటా మార్చాల్సిందే. మెత్తని రాగి పైపు బ్రేకుకి వాడొద్దు, అదురుకి పగులుతుంది.

క్లచ్ పలక ఫ్లైవీలుకి అంటుకుపోవడం కూడా పాకల్లో ఉన్న బండ్లకి వచ్చే జబ్బే. పెడలు కిందికి నొక్కి కర్ర పోటు పెట్టి, టాప్ గేరులో ఉంచి, ఇద్దరు బండిని ముందుకీ వెనక్కీ ఊపితే తరచుగా వదులుతుంది. ఇకమీదట వానాకాలమంతా ఆ కర్ర పోటు పెట్టే ఉంచండి.

ప్రశ్న (భీమవరం): ఇ20 పెట్రోలు వచ్చాక పాత జీపు వేడెక్కి దగ్గుతోంది. నాలుగు నెలలు ఆపితే కార్బురేటర్లో ఆకుపచ్చ జిగురు కనిపించింది.

జవాబు: ఇ20 అంటే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. ఇథనాల్ తేమను పీలుస్తుంది. ట్యాంకులో సగం ఖాళీ ఉంటే వానాకాలపు గాలిలోని నీరు పెట్రోల్లో కలిసి, ఒక హద్దు దాటాక నీరూ ఇథనాలూ విడిపోయి అడుగుకి దిగుతాయి. ఆ పొర ట్యాంకుని తుప్పు పట్టించి, ఇత్తడి జెట్ల మీద ఆ ఆకుపచ్చ చిలుము తెస్తుంది. నెల మించి ఆపేటట్టయితే ట్యాంకు, కార్బురేటరు రెండూ ఖాళీ చేయండి. గొట్టాలు, ఫ్యూయల్ పంపు డయాఫ్రం ఇథనాల్‌కి తట్టుకునే రకం వేయండి. లక్క పూత ఉన్న కార్కు ఫ్లోటు ఉంటే ఇత్తడిది పెట్టండి, లక్క ఇథనాల్లో కరుగుతుంది.

దగ్గు విషయానికొస్తే, ఇ20కి ఇంధనం కొంచెం ఎక్కువ కావాలి. మెయిన్ జెట్టు రంధ్రం వ్యాసం మూడు, నాలుగు శాతం పెంచితే చాలు. 1.30 ఉన్న చోట 1.35 వేసి, ప్లగ్గు రంగు చూడండి. తెల్లగా ఉంటే ఇంకా తక్కువే పడుతోందని, ఇటుక రంగుంటే సరిపోయిందని అర్థం. జెట్టుని డ్రిల్లుతో తొలవొద్దు.

ప్రశ్న (కాకినాడ): 6 వోల్టుల విల్లీస్ జీపు సెల్ఫు మూలుగుతుంది గానీ తిరగదు. బ్యాటరీ కొత్తది.

జవాబు: తీగలు చూడండి. 12 వోల్టుల బండి తీగ దీనికి సన్నం. అదే పనికి కరెంటు రెండింతలు కావాలి కాబట్టి 50 చ.మి.మీ. తీగ వేయండి. ఎర్తు బిగించే చోట పెయింటు గీకి, ఇనుము మెరిసేలా చేసి బిగించాక గ్రీజు పూయండి. సెల్ఫు కొడుతుండగా బ్యాటరీ నెగెటివ్ కొనకీ ఇంజను ఇనుముకీ మధ్య మీటరు పెడితే 0.2 వోల్టు మించకూడదు. మించితే లోపం అక్కడే.

ప్రశ్న (తణుకు): గేరుబాక్సుకీ ఇరుసుకీ ఒకే ఆయిలు పోయొచ్చా?

జవాబు: వద్దు. ఇరుసుల్లో హైపాయిడ్ పళ్లకి, అంటే ఒకదాని మీద ఒకటి జారుతూ ఒరుసుకునే పళ్లకి, జీఎల్-5 రకం గేరు ఆయిలు కావాలి. పాత గేరుబాక్సులో ఇత్తడి, కంచు భాగాలుంటాయి, జీఎల్-5లోని రసాయనాలు వాటిని తింటాయి. అక్కడ జీఎల్-4 ఇ.పి. 90 పోయండి.

ప్రశ్న (ముమ్మిడివరం దగ్గర లంక గ్రామం): వరద నీళ్లు మా మిలిటరీ ట్రక్కు హబ్బుల పైదాకా వచ్చి రెండు రోజులు నిలిచాయి. ఇంజను మునగలేదు. నడపొచ్చా?

జవాబు: ఇంకా నడపొద్దు. ముందు సంపు డ్రెయిన్ బోల్టు, రెండు ఇరుసులవి, గేరుబాక్సుది, ట్రాన్స్‌ఫర్ గేరుది ఒక్కో మర వదులు చేయండి. నీళ్లుంటే ఆయిలు కన్నా ముందు అవే కారతాయి. ఆయిలు పాలలా తెల్లగా ఉంటే పూర్తిగా దించి, లీటరు డీజిలుతో కడిగి, ఆరబెట్టి, కొత్తది పోయాలి. నాలుగు రోజులు నడిపాక మళ్లీ ఒకసారి మార్చండి. మొదటిసారికి మూలల్లోని నీరంతా రాదు.

హబ్బులన్నీ విప్పి పాత గ్రీజు తుడిచేయండి. నీళ్లు తగిలిన బేరింగు రోలర్ల మీద గోధుమరంగు మచ్చలు కనిపిస్తే, గోటితో గీస్తే తగిలితే, దాన్ని మార్చాలి. ముందు చక్రాల స్టీరింగు గుండు లోపలి జాయింట్లు కూడా మరవొద్దు. అక్కడి ఫెల్టు సీలు అరిగితే బురద నేరుగా జాయింట్లోకే పోతుంది. డ్రమ్ములు విప్పి ఒండ్రు కడిగి, లైనింగులు ఎండబెట్టండి.

ఇకముందు కాలవ దాటేటప్పుడు గుర్తుంచుకోండి: వేడెక్కిన ఇరుసు చల్లటి నీళ్లలో దిగగానే లోపలి గాలి కుంచించుకుపోయి, సీళ్ల సందుల్లోంచి నీటిని లోపలికి లాక్కుంటుంది. ఇరుసు మీదున్న ఊపిరి గొట్టానికి రబ్బరు గొట్టం తగిలించి, ఛాసిస్ పైదాకా తెచ్చి, చివర కిందికి వంచి కట్టండి. నీళ్లలో దిగేముందు పది నిమిషాలు ఆగి ఇరుసుల్ని చల్లారనివ్వండి. అంతర్వేది, ఓడలరేవు ఇసుక మీదికి తీసుకెళితే ఆ రోజే ఛాసిస్ మూలలన్నీ మంచినీళ్లతో కడిగి, ఆరాక జాయింట్లలోకి మైనం స్ప్రే కొట్టండి. వాడేసిన ఇంజను ఆయిలు పూసే అలవాటు మానేయండి. రబ్బరు బుష్షులు ఉబ్బి పోతాయి, వానకి కొట్టుకుపోయి అది మీ పంట కాలవలోకే చేరుతుంది.